రియాలిటీ షోలు, మన పిల్లలు: పక్కన కూర్చుని చూడటం ఎలా, వేదిక ఎక్కించే ముందు ఏం చూసుకోవాలి

నిరుడు దసరా సెలవుల్లో ఒక సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆడుకోవడానికి వెళ్లిన మా అమ్మాయి పది నిమిషాలకే ఏడుస్తూ పైకి వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల కదా, పడిపోయి మోకాలు చెక్కుకుపోయిందేమోనని చూశాను. దెబ్బేమీ లేదు. "నన్ను నామినేట్ చేశారమ్మా" అంది. కిందికి దిగి చూస్తే, ఆరేడుగురు పిల్లలు కార్ల మధ్య వరుసగా నిలబడి, ఒక్కొక్కరే ముందుకు వచ్చి, తాము ఎవరిని ఇంటికి పంపాలనుకుంటున్నారో కారణాలతో సహా చెబుతున్నారు. "నువ్వు ఫేక్‌గా ఉంటున్నావు", "సేఫ్ గేమ్ ఆడుతున్నావు", "నీ మాస్క్ తొలగిపోయింది" అన్న మాటలు రెండో తరగతి, మూడో తరగతి పిల్లల నోటి నుంచి ఎక్కడా తడుముకోకుండా వస్తున్నాయి. ఎక్కువమంది పేరు చెప్పిన పిల్ల నెత్తిన సీసాలోని నీళ్లు పోయడం ఆ ఆటలో ఆఖరి ఘట్టం.

దొంగా పోలీసు ఆటలోనూ, కబడ్డీలోనూ ఎవరో ఒకరు అవుటవుతారు. అయితే అక్కడ అవుటైనవాడు పరుగులో వెనకబడ్డాడంతే, వాడి గుణం మంచిది కాదని ఎవరూ నిలబెట్టి చెప్పరు. ఈ కొత్త ఆటలో ఒకరిని బయటికి పంపాలంటే ముందు ఆ మనిషి మీద తీర్పు చెప్పాలి, అదీ అందరి ముందూ చెప్పాలి. పెద్దలు ప్రైజ్ మనీ కోసం, ఒప్పందం రాసుకుని, కెమెరాల ముందు ఆడే ఆటను పిల్లలు ఏ ఒప్పందమూ లేకుండా తమ స్నేహితుల మీద ప్రయోగిస్తున్నారు.

పోటీదారులను ఒకే ఇంట్లో ఉంచి, ఇలాగే నామినేట్ చేయించి, ఒక్కొక్కరినే బయటికి పంపే బిగ్ బాస్ షో తెలుగులో 2017 జూలైలో మొదలైంది. ఇప్పుడు ప్రాథమిక పాఠశాలలో ఉన్న పిల్లల్లో చాలామంది, కొత్త సీజన్ వచ్చిందంటే రాత్రి భోజనాల వేళ ఆ ఇంటి సంగతులే మాట్లాడుకునే ఇళ్లలో పుట్టి పెరిగారు. పాటల పోటీలు, డాన్సు పోటీలు అంతకన్నా పాతవి. వీటన్నింటినీ ఒక్క దెబ్బతో ఆపేయడం నా వల్ల కాలేదు, మీ వల్ల కూడా కాకపోవచ్చు. చేయగలిగిన పని మాత్రం ఒకటుంది. తెరమీద కనిపించేది జరిగింది జరిగినట్టు కాదనీ, ఎవరో ఏరి, కోసి, కుట్టి తయారుచేసిన సరుకనీ పిల్లలకు అర్థమయ్యేలా చేయడం. ఈ వ్యాసమంతా దాని గురించే.

ముందు వయసు చూసుకోండి

భారతీయ శిశువైద్యుల సంఘం సిఫారసుల ప్రకారం, రెండేళ్లలోపు పిల్లలకు ఎప్పుడైనా చేసే వీడియో కాల్ తప్ప ఏ తెరా చూపకూడదు. రెండు నుంచి అయిదేళ్ల మధ్య రోజుకు గంట మించకూడదు. అయిదు నుంచి పదేళ్ల మధ్య రెండు గంటలకు తక్కువగానే ఉండాలి. ఇది అన్ని తెరలకూ కలిపి చెప్పిన లెక్క. రాత్రి తొమ్మిది దాటాక వచ్చే గంటసేపటి ఎపిసోడ్ ఒక్కటే అందులో సగానికి పైగా తినేస్తుంది, నిద్రవేళను కూడా వెనక్కి నెడుతుంది.

బడికి వెళ్లడం మొదలుపెట్టిన తొలి ఏళ్లలో పిల్లలకు కథకూ నిజానికీ మధ్య గీత ఇంకా పలుచగానే ఉంటుంది. సీరియల్‌లో చనిపోయిన పాత్ర నిజంగా చనిపోలేదని చెబితే వాళ్లు నమ్ముతారు, ఎందుకంటే అది "యాక్టింగ్". ఈ షోలలో అలా చెప్పే వీలు కూడా లేదు. అరిచినవాళ్లు తమ సొంత పేరుతోనే అరుస్తారు, ఏడ్చినవాళ్లు తమ సొంత అమ్మను తలచుకునే ఏడుస్తారు. అందువల్ల ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇంటి గొడవల షోలు అసలు వద్దని నా అభిప్రాయం. ఆ వయసు పిల్లలకు వివరించి ఒప్పించడం కన్నా ఆ వేళకు పడుకోబెట్టి కథ చెప్పడం తేలిక.

అనుకరణ విషయంలో అనుమానం అక్కర్లేదు. 1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా బృందం బడి ఈడుకు రాని చిన్నపిల్లల ముందు ఒక పెద్ద మనిషి చేత గాలి నింపిన బొమ్మను కొట్టించి, ఆ తరువాత ఆ పిల్లలను బొమ్మలున్న గదిలో వదిలిపెట్టి గమనించింది. చూసిన పిల్లలు కొట్టడం వరకే నేర్చుకుని ఊరుకోలేదు, ఆ పెద్ద మనిషి కొట్టిన తీరులోనే, అన్న మాటలతోనే కొట్టారు. మా సెల్లార్‌లో నాకు కనిపించింది అదే. కోపం పిల్లలదే అయి ఉండవచ్చు, మాటలు మాత్రం అరువు తెచ్చుకున్నవి.

పదకొండు, పన్నెండేళ్లు దాటినవారి సంగతి వేరు. ఇది తయారుచేసిన సరుకని వాళ్లకు తెలుసు, తెలిసినా మనుషులంతా ఇలాగే ఉంటారన్న భావన లోలోపల నిలిచిపోతుంది. అమెరికాలో గర్ల్ స్కౌట్స్ సంస్థ 2011లో 11 నుంచి 17 ఏళ్ల ఆడపిల్లల మీద జరిపిన సర్వేలో, అమ్మాయిల స్నేహాల్లో చాటుమాటు కబుర్లు మామూలే అన్నవారు రియాలిటీ షోలు క్రమం తప్పకుండా చూసేవారిలో 78 శాతం ఉంటే, చూడనివారిలో 54 శాతం ఉన్నారు. చూడటం వల్లే అలా అనుకుంటున్నారా, అలా అనుకునేవారే ఎక్కువ చూస్తున్నారా అన్నది ఇలాంటి సర్వేతో తేలదు. అయినా, అదే సర్వేలో ఈ షోల వల్ల ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో ముఖ్యమైన సంగతులు మాట్లాడుకునే అవకాశం వచ్చిందన్న అమ్మాయిలూ చాలామంది ఉన్నారు. ఆ అవకాశాన్ని పెద్దలు వాడుకోవచ్చు.

పక్కన కూర్చుని చూడటం

పక్కన కూర్చోవడమంటే ఫోన్ చూసుకుంటూ సోఫాలో ఉండటం కాదు. వారానికి ఒక్క ఎపిసోడ్ అయినా సరే, ఆగి ఆగి చూడండి. యాప్‌లో చూస్తే ఆపే సౌకర్యం ఎలాగూ ఉంటుంది కాబట్టి, ప్రసార సమయంలో కాకుండా మరునాడు సాయంత్రం చూడటం మేలు, దానివల్ల రాత్రి నిద్ర కూడా దక్కుతుంది.

చూస్తున్నప్పుడు పిల్లలను అడగవలసిన ప్రశ్నలు పెద్దవేమీ కావు. ఇతను ఈ మాట అనడానికి ముందు ఏం జరిగి ఉంటుంది? ఆమె ముఖం చిట్లించింది ఈ మాటకేనా, లేక వేరే దేనికైనా చిట్లించిన ముఖాన్ని తెచ్చి ఇక్కడ పెట్టి ఉంటారా? గదిలో ఒంటరిగా కూర్చుని కెమెరాతో మాట్లాడుతున్న మనిషిని ఎవరో ఏదో అడిగితేనే కదా ఆ జవాబు వచ్చింది, మరి ఆ ప్రశ్న మనకు ఎందుకు వినిపించలేదు? ఒక గొడవ నడుస్తుండగా రిమోట్‌తో శబ్దం ఆపేసి అర నిమిషం చూపించండి. డప్పులు, తీగలు తెగినట్టు వచ్చే ఆ మోత లేకపోతే, ఇద్దరు మనుషులు వంటగదిలో నిలబడి ఏదో మాట్లాడుకుంటున్నట్టు కనిపిస్తుంది, అంతకు మించి ఏమీ కనిపించదు.

బిగ్ బాస్ ఇల్లు ఎలా నడుస్తుందో కూడా చెప్పండి. లోపల గడియారం ఉండదు, ఫోన్ ఉండదు, పేపరు రాదు, ఇంటివాళ్లతో మాట లేదు. సరుకులు లెక్కగా ఇస్తారు. ఒకరి మీద ఒకరిని నిలబెట్టే టాస్కులు ఇస్తారు. నలుగురికి సరిపడే సరుకులు పదిమందికి ఇచ్చి, ఎవరు ఎక్కువ తిన్నారో అందరి ముందూ చెప్పమంటే ఎవరి ఇంట్లోనైనా గొడవ వస్తుంది, మన ఇంట్లో అయితే ముందే వస్తుంది. రోజంతా తిరిగే కెమెరాల నుంచి మనకు చేరేది గంటా గంటంపావు. మిగిలిన ఇరవై రెండు గంటల పైచిలుకు సమయంలో వాళ్లు అన్నం వండుకున్నారు, బట్టలు మడతపెట్టుకున్నారు, నిద్రపోయారు. అవి గొడవలు కావు కాబట్టి చాలావరకు మన దాకా రావు.

అరిసె షాట్

ఇదంతా మాటల్లో చెప్పినప్పుడు మా అమ్మాయి బుద్ధిగా తలూపింది, మరునాడు మళ్లీ "ఆమె చాలా చెడ్డది" అనే అంది. అసలు మార్పు వచ్చింది సంక్రాంతికి తెనాలిలో మా అమ్మ వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు. ఆ పనిని మీరు కూడా మీ ఇంట్లో చేయవచ్చు. ఒక ఫోను, ఒక ఉచిత ఎడిటింగ్ యాప్, ఒక పూట సమయం ఉంటే చాలు.

ముందుగా అందరినీ అడిగి, ఇంట్లో ఏదో ఒక మామూలు పని జరుగుతుండగా పది పదిహేను నిమిషాలు వీడియో తీయమని పిల్లలకు చెప్పాలి. మా ఇంట్లో ఆ రోజు పెరట్లో కట్టెల పొయ్యి మీద అరిసెలు వండుతున్నారు. మా వదిన పిండి ముద్దలు తీసి ఆకు మీద వత్తి ఇస్తోంది, మా అమ్మ వాటిని నూనెలో వేసి, తేలాక చెక్కల మధ్య నొక్కి నూనె పిండుతోంది. పొగకు మా అమ్మ రెండు మూడుసార్లు మొహం చిట్లించింది. ఒక అరిసె విరిగిపోతే, దాన్ని చూసి "ఇది పనికిరాదు, తీసి అవతల పెట్టు" అంది. ఇంకాసేపటికి మా వదిన నవ్వుతూ "ఇది నేను చేశాను అత్తయ్యా, చూడండి" అని మరో అరిసె చూపించింది. మా అమ్మ "బాగుందమ్మా" అంది. అంతే జరిగింది.

తరువాత ఆ వీడియో నుంచి మూడు ముక్కలు కోయించాను. మొదట మా వదిన "ఇది నేను చేశాను అత్తయ్యా, చూడండి" అనడం. వెంటనే పొగకు మొహం చిట్లించిన మా అమ్మ. ఆ తరువాత "ఇది పనికిరాదు, తీసి అవతల పెట్టు." "బాగుందమ్మా" అన్నది తీసేశాం. కింద ఒక డప్పు మోత, మొదట్లో "అరిసెల ఇంట్లో అగ్గి" అని మా మేనల్లుడి గొంతుతో ఒక ముక్క. మొత్తం ఇరవై రెండు సెకన్లు. రాత్రి భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి చూపిస్తే మా అమ్మ నిర్ఘాంతపోయింది. "నేనెప్పుడన్నానే ఆ మాట కోడల్ని!" అని మనవరాలిని నిలదీసింది. అన్నది తానే, గొంతు తనదే, ముఖం తనదే, ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. కాకపోతే ఆ వరుసలో, ఆ మనిషికి అనలేదు.

పిల్లలకు అర్థం కావలసింది సరిగ్గా అదే, దాన్ని నేను ఎన్ని మాటల్లో చెప్పినా చెప్పలేకపోయాను. ఇప్పుడు టీవీలో ప్రోమో రాగానే మా అమ్మాయి "అమ్మా, అరిసె షాట్" అని వేలు పెట్టి చూపిస్తుంది. కొన్నిసార్లు అది నిజంగానే గొడవ అయి ఉంటుంది, పిల్లది పొరబడి ఉంటుంది, అయినా ఆ అనుమానం రావడమే నాకు కావలసింది. ఈ పని చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. తీసిన మనుషులు ఒప్పుకుంటేనే తీయాలి, చూశాక అందరి ముందూ డిలీట్ చేయాలి. ఎవరి వాట్సాప్ స్టేటస్‌లోనూ అది కనిపించకూడదు, ఎందుకంటే అక్కడ చూసే చుట్టాలకు ముందు వెనకల కథ తెలియదు.

మన నోళ్లు, మన ఓట్లు

ఇల్లంతా కలిసి చూసేటప్పుడు పిల్లలు టీవీ కన్నా మనల్నే ఎక్కువ వింటారు. "ఆ పిల్లకు పొగరు", "వాడి ముఖం చూడు", "ఇలాంటిదాన్ని ఎవరు చేసుకుంటారు" అని మనం అలవోకగా అనే మాటలు మరునాడు బడిలో ఏదో ఒక పిల్లకు తగులుతాయి. నానమ్మలకు, తాతయ్యలకు ఈ సంగతి చెప్పడం కష్టమే, వాళ్ల సంబరం వాళ్లది. నేను చేసిందల్లా, మనిషిని అనే మాటను పనిని అనే మాటగా మార్చి మళ్లీ చెప్పడం. "పొగరు" అన్నప్పుడు "అవును, ఆ మాట అలా అనకుండా ఉండాల్సింది" అంటాను. నెల తిరిగేసరికి మా అత్తగారు కూడా అలాగే అనడం మొదలుపెట్టారు, నన్ను వెక్కిరించడానికే అయినా.

ఓటు సంగతి కూడా ఆలోచించండి. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చి ఓటు వేయించడం సరదాగానే ఉంటుంది, కానీ అక్కడి నుంచి అభిమాన "ఆర్మీ"ల గ్రూపుల్లోకి, పక్క కంటెస్టెంట్ ఇంటివాళ్లను తిట్టే కామెంట్లలోకి ఎన్నో అడుగులు పట్టవు. 2023 డిసెంబరులో తెలుగు బిగ్ బాస్ ఏడో సీజన్ ఫైనల్ ముగిసిన రాత్రి హైదరాబాద్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ బయట గుమిగూడిన అభిమానులు ఆర్టీసీ బస్సుల అద్దాలు పగులగొట్టారు, కేసులు, అరెస్టులు దాకా వెళ్లింది. టీనేజి పిల్లలున్నవారు ఆ ఉదంతాన్ని ఇంట్లో పేరు పెట్టి మాట్లాడటం మంచిది. ఆట అన్నది ఎక్కడ ముగిసింది, కేసు అన్నది ఎక్కడ మొదలైంది అని వాళ్లనే చెప్పమనండి.

తాళాల గురించి ఎక్కువ చెప్పను. సెట్‌టాప్ బాక్సులో ఛానెల్‌కు పిన్ పెట్టవచ్చు, ఓటీటీలో పిల్లల ప్రొఫైల్ వేరుగా పెట్టవచ్చు. 2021 ఐటీ నియమాల ప్రకారం ఓటీటీ సంస్థలు తమ కార్యక్రమాలకు యు, యు/ఎ 7+, యు/ఎ 13+, యు/ఎ 16+, ఎ అని వయసు గుర్తులు వేయాలి, 13+ నుంచి పైవాటికి తాళం వేసుకునే వీలు కల్పించాలి. పిన్‌గా ఇంట్లో ఎవరి పుట్టిన సంవత్సరమూ పెట్టకండి, పిల్లలు మొదట ప్రయత్నించేది అదే.

చూసినదాంట్లో పిల్లలను కించపరిచేదేదైనా ఉంటే ఊరకే తిట్టుకుని వదిలేయనక్కర్లేదు. కేబుల్ టీవీ నియమాల్లోని ప్రోగ్రామ్ కోడ్ పిల్లలను కించపరిచే కార్యక్రమాలను నిషేధిస్తుంది, పిల్లలు ఎక్కువగా చూసే వేళల్లో వారికి తగని కార్యక్రమాలు వేయకూడదని కూడా చెబుతుంది. ఛానెల్ పేరు, తేదీ, సమయం, ఏ దృశ్యం, మీ అభ్యంతరం ఏమిటి అన్నవి నాలుగు వాక్యాల్లో రాసి ముందుగా ఆ ఛానెల్‌కే పంపాలి. 2021లో సవరించిన నియమాల ప్రకారం ఛానెల్ 24 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. ఆ జవాబు తృప్తినివ్వకపోతే మరో 15 రోజుల్లోగా స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్లవచ్చు. వినోద ఛానెళ్లకు 2011లో ఏర్పడిన బ్రాడ్‌కాస్టింగ్ కంటెంట్ కంప్లెయింట్స్ కౌన్సిల్ అలాంటిదే. ఆ పైన కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ ఉంటుంది.

పిల్లలే వేదిక ఎక్కుతామంటే

ఇక్కడ తల్లిదండ్రుల బాధ్యత ఇంకా పెరుగుతుంది, చిత్రమేమిటంటే చాలామంది జాగ్రత్త తగ్గించేది కూడా ఇక్కడే. 2017లో సినీ దర్శకుడు శూజిత్ సర్కార్ పిల్లలతో చేసే రియాలిటీ షోలన్నింటినీ నిషేధించాలని బాహాటంగా కోరారు. నేను అంత దూరం వెళ్లలేను, దానికి కారణం పాడుతా తీయగా. 1996లో ఈటీవీలో మొదలైన ఆ కార్యక్రమంలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు తప్పు పట్టుకునేటప్పుడు పిల్లవాడిని వదిలి పాటనే పట్టుకునేవారు. ఒక అక్షరం ఒత్తు దగ్గర, ఒక గమకం దగ్గర ఆపి, తానే పాడి చూపించి, ఆ పాట రాసినవారి గురించి, స్వరపరిచినవారి గురించి నాలుగు మాటలు చెప్పి పంపేవారు. ఓడిపోయి వెళ్లేవారు కూడా ఏదో నేర్చుకుని వెళ్లేవారు. మీ పిల్లలు వెళ్లాలనుకునే షోను తూచడానికి అంతకన్నా మంచి రాయి నాకు దొరకలేదు. పాత ఎపిసోడ్లు పది చూడండి. జడ్జీలు పాట గురించి మాట్లాడుతున్నారా, పిల్లల గురించి మాట్లాడుతున్నారా? ఎలిమినేషన్ ప్రకటించే ముందు ఎంతసేపు సాగదీస్తున్నారు? ఏడ్చే పిల్ల ముఖం మీద కెమెరా ఎంతసేపు నిలుస్తోంది?

తరువాత చట్టం. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ, 14 ఏళ్లు నిండని పిల్లలు సినిమాల్లో, టీవీలో, ప్రకటనల్లో కళాకారులుగా పనిచేయడానికి షరతులతో అనుమతిస్తుంది, చదువు దెబ్బతినకూడదన్నది అందులో మొదటిది. ఆ షరతులన్నీ 2017 నియమాల్లో ఉన్నాయి, వాటిని ఒక కాగితం మీద రాసుకుని ఆడిషన్‌కు వెళ్లండి. షూటింగ్ జరిగే జిల్లా మేజిస్ట్రేట్, అంటే మన వాడుకలో కలెక్టర్, అనుమతి లేకుండా నిర్మాత పిల్లలతో పని చేయించకూడదు. ఆ దరఖాస్తుతో పాటు పిల్లల జాబితా, తల్లిదండ్రుల అంగీకారం, పిల్లల భద్రతకు బాధ్యులైనవారి పేరు ఇవ్వాలి. రోజుకు అయిదు గంటలు మించి పని ఉండకూడదు, విశ్రాంతి లేకుండా వరుసగా మూడు గంటలు మించకూడదు, ఎడతెగకుండా 27 రోజులు మించకూడదు. అయిదుగురు పిల్లలకు కనీసం ఒక బాధ్యుడు ఉండాలి. పాఠాలు ఆగిపోకుండా ఏర్పాటు చేయాలి. పిల్లలకు వచ్చే ఆదాయంలో కనీసం 20 శాతాన్ని జాతీయ బ్యాంకులో వారి పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేయాలి. ఇష్టం లేని పిల్లల చేత బలవంతంగా చేయించకూడదు, తల్లిదండ్రులకు ఎంత ఇష్టం ఉన్నా సరే. వీటికి తోడు జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ప్రత్యేకంగా రియాలిటీ షోలను కూడా కలుపుకుని మార్గదర్శకాలు ఇచ్చింది.

"కలెక్టర్ అనుమతి కాపీ చూపిస్తారా, మా పిల్లవాడికి బాధ్యులు ఎవరు, కాల్ టైమ్ (సెట్‌కు రావలసిన వేళ) ఎన్నింటికి, ప్యాకప్ (షూటింగ్ ముగింపు) ఎన్నింటికి" అని ప్రొడక్షన్ వాళ్లను అడగడానికి మొహమాటపడతాం. అడిగితే పిల్లవాడిని తీసేస్తారేమోనని భయం. ఈ ప్రశ్నలు అడిగినందుకే తీసేసే చోట పిల్లవాడిని వదిలి రావడం ఎలాగూ మంచిది కాదు. సెట్‌లో మీలో ఒకరు ఎప్పుడూ కనుచూపు మేరలో ఉండాలి, మేకప్ గదిలో కూడా. ఆడిషన్‌కు ఎవరైనా డబ్బు కట్టమంటే అక్కడే ఆగి, ఛానెల్ తెరమీద చూపిన నంబరుకు స్వయంగా ఫోన్ చేసి నిర్ధారించుకోండి.

పాట, డాన్సు ఎంపికలో మీ మాట ఉండాలి. పెద్దవాళ్ల కోసం తీసిన పాటకు, పెద్దవాళ్లు వేసిన స్టెప్పులతో, పెద్దవాళ్ల తరహా కాస్ట్యూమ్‌లో తొమ్మిదేళ్ల పిల్ల ఆడుతుంటే జడ్జీలు ఈలలు వేయడం మనం చూస్తూనే ఉన్నాం. 2019 జూన్ 18న సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ ప్రైవేటు ఛానెళ్లన్నింటికీ సరిగ్గా దీని మీదే సూచన పంపింది, డాన్సు షోలలో పిల్లలను అసభ్యంగా, వయసుకు తగని తీరులో చూపవద్దని. కొరియోగ్రాఫర్‌తో వాదించడం ఇష్టం లేకపోతే ఆ సూచన పేరు చెప్పండి, వాదన ఛానెల్‌కూ మంత్రిత్వ శాఖకూ మధ్యకు వెళ్లిపోతుంది.

ఒప్పంద పత్రాన్ని సెట్‌లో నిలబడి సంతకం చేయకండి. మైనర్ చేసుకున్న ఒప్పందం మన కాంట్రాక్టు చట్టం కింద చెల్లదు కాబట్టే మీ సంతకం అడుగుతున్నారు, అంటే మాట ఇస్తున్నది మీరు. ఇంటికి తెచ్చుకుని, తెలిసిన వకీలు చేత తెలుగులో చెప్పించుకోండి. ఎడిటింగ్ మీద ఎవరికి హక్కు, క్లిప్పులు యూట్యూబ్‌లో ఎంతకాలం ఉంటాయి, వేరే కార్యక్రమాల్లో పాడకుండా ఎన్నాళ్లు కట్టడి, మధ్యలో మానుకుంటే ఏమవుతుంది అన్న నాలుగు చోట్ల వేలు పెట్టి అడగండి.

ఏవీ గురించి ఒక మాట విడిగా చెప్పాలి. పాట ముందు రెండు నిమిషాలు వేసే జీవితకథను టీవీ వాళ్లు ఏవీ అంటారు. మీ ఇంటికి వచ్చి తీస్తారు. తండ్రి ఆటో నడపడం, తల్లి కుట్టు మిషను, కురిసే పైకప్పు వాళ్లకు బాగా నచ్చుతాయి. నిజమే అయినా, మీ పిల్లవాడు ఆ నిజాన్ని తన తరగతిలో నలభై మంది ముందు మోయాలి. జబ్బులు, అప్పులు, మరణాలు, అమ్మానాన్నల మధ్య తగాదాలు ఏవీలో పెట్టడానికి లేదని ముందే చెప్పండి. పిల్లవాడికి ఆ ఏవీని ప్రసారానికి ముందే వివరంగా చెప్పండి. అరిసె షాట్ తెలిసిన పిల్లవాడైతే సగం పని అయిపోయినట్టే.

ఎలిమినేట్ అయిన రోజు

పోటీలో ఒక్కరే గెలుస్తారు, కాబట్టి ఈ రోజు దాదాపు అందరికీ వస్తుంది. ఆడిషన్ రోజే దీనికి సిద్ధం కావాలి. తిరుగు ప్రయాణంలో పోస్ట్‌మార్టం వద్దు. "ఆ చరణంలో శ్రుతి తప్పావు" అనీ, "జడ్జీలకు వాళ్ల మనుషులు కావాలి" అనీ రెండూ అనవద్దు. మొదటి మాట పిల్లవాడిని కుంగదీస్తుంది, రెండోది పాట మీద నమ్మకాన్ని తీసేస్తుంది. ప్రసారమయ్యే రాత్రి ఫోన్లు పక్కన పెట్టండి, యూట్యూబ్ కింద కామెంట్లు పిల్లలు చదవకముందే మీరు చదివి, అవసరమైతే క్లాస్ టీచర్‌కు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. రెండు మూడు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం, పాట పాడనని మొండికేయడం, బడికి వెళ్లనని ఏడవడం ఉంటే పిల్లల వైద్యుడిని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. సెట్‌లో ఎవరైనా హింసించారని పిల్లలు చెబితే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి.

మా మేనల్లుడు, అరిసెల ప్రోమోకు గొంతు ఇచ్చినవాడే, ఆ వేసవిలో ఒక పాటల పోటీకి వెళ్లి మూడో రౌండ్‌లో వెనక్కి వచ్చాడు. హైదరాబాద్ నుంచి బస్సులో మా అన్నయ్య, వాడు, నేను. చౌటుప్పల్ దాకా మా అన్నయ్య రెండుసార్లు ఏదో అనబోయి, నా వైపు చూసి మానుకున్నాడు. నార్కెట్‌పల్లి దాటింది, వాడు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. సూర్యాపేటలో బస్సు ఆగినప్పుడు "నాన్నా, పునుగులు కొంటావా" అన్నాడు. రెండు ప్లేట్లు తిని, కోదాడ రాకముందే నిద్రపోయాడు.